నీలిగీతల వైద్యం

పేరయ్య తాత కాళ్ళంటే పంట కాలువలో జలగలకు ప్రాణం. నేనేదో వేళాకోళానికి అంటున్నాననుకోకండి. మిగతా జనం కాలికి జలగ పట్టిందంటే చాలు, ఉప్పుకోసం ఒకడు పరిగెత్తుతాడు, పొగాకు నీళ్ళు ఒకడు తెస్తాడు, బీడీ ముట్టించి వాత పెట్టేవాడు ఇంకొకడు. పేరయ్య తాత అలా కాదు. మధ్యాహ్నం కోళ్ళకు నూకలు చల్లి, దుడ్డుకర్ర పట్టుకుని రేవుకొచ్చి, రాతి మీద కూర్చుని మోకాళ్ళ దాకా నీళ్ళలో పెట్టేవాడు. ఏ జలగైనా పట్టుకుంటే వంగి చూసి, "తాగమ్మా తాగు, కడుపు నిండాక నువ్వే పోతావు" అనేవాడు. అలాంటి మనిషి ఊరికొక్కడు ఉంటే గొప్ప.

జలగలు కూడా మర్యాద తప్పేవి కావు. ఆ రేవు జలగలకు పెద్దదిక్కు సాగమ్మ. మొత్తం అరవై మంది ఆవిడ మాట మీద ఉండేవాళ్ళు. తాత దగ్గరికి వారానికి ఒక్కరే, అదీ వంతు ప్రకారమే వెళ్ళాలని సాగమ్మ కట్టుబాటు చేసింది. ఎవరైనా వంతు తప్పితే గడ్డి మొదట్లో నిలబెట్టి తల వాచేలా చీవాట్లు పెట్టేది.

అంత బుద్ధిమంతురాలికీ ఒక్క బలహీనత ఉంది. ఎవరు పలకరించినా రెండో మాటకే వాళ్ళ అమ్మమ్మ సంగతి ఎత్తేది. ఆ అమ్మమ్మ వెనకటి రోజుల్లో ఒక వైద్యుడిగారి కుండలో ఉండేదట. వాపులొచ్చిన వాళ్ళ కాళ్ళకు వైద్యుడు ఆవిణ్ణి పట్టించి, "చెడు రక్తం తీసేస్తుంది, భయం లేదు" అనేవాడట. "మాది చెడు రక్తం తీసిన వంశం" అని సాగమ్మ చెప్పుకుంటుంటే పీతలు విని విని చెవులు మూసుకునేవి. పీతలకు చెవులెక్కడివని అడక్కండి, మూసుకునేవి అంతే.

ఈమధ్య సాగమ్మకు ఒక దిగులు పట్టుకుంది. తాత రేవు మెట్లు నాలుగు దిగడానికి రెండుసార్లు ఆగుతున్నాడు. రాతి మీద కూర్చున్నాక కూడా చాలాసేపు రొప్పుతున్నాడు. పాదాలు తెల్లగా పాలిపోయాయి. తాతకేమైనా అయితే ఈ రేవులో తనవాళ్ళను "అమ్మా" అని పిలిచే గొంతు ఉండదు. తాత కాళ్ళు పైకి తీసేదాకా రాతి కిందనుంచి ఆవిడ కదిలేది కాదు.

సరిగ్గా ఆ దిగులు మీదికే నక్క కుచ్చయ్య దిగాడు.

కుచ్చయ్యది వేరే దిగులు. కోడిమాంసం ముట్టి మూడు నెలలైంది. దొడ్లో పద్ధెనిమిది కోళ్ళున్నాయి, వాటి ముందు పేరయ్య తాత ఉన్నాడు, తాత చేతిలో దుడ్డుకర్ర ఉంది. ఆ కర్ర ఒకసారి కుచ్చయ్య తుంటి మీద పడింది. అప్పటినుంచి గట్టు బొరియల్లో పీతల్ని ఏరుకు తింటూ రోజులు నెడుతున్నాడు.

"సాగమ్మక్కా, కులాసానా?" అన్నాడు, తుంగదుబ్బుల్లోంచి మూతి బయటపెట్టి.

"కాస్త ఎడంగా ఉండి మాట్లాడు తమ్ముడూ. నీ పళ్ళు చూస్తే మా పిల్లలు జడుసుకుంటారు" అంది సాగమ్మ.

"ఎంత మాటన్నావక్కా. నేను మీ వంశానికి దణ్ణం పెట్టుకుందామని వచ్చాను. మీ అమ్మమ్మగారు వైద్యుడి కుండలో ఉండేవారట కదా."

ఇంకేముంది. నాలుగు వేళ్ళ పొడవున్న సాగమ్మ జానెడు సాగింది. "నీకెవరు చెప్పారు తమ్ముడూ?"

"చెప్పేదేముంది, ఊరంతా అనుకుంటోంది. అంత విద్య ఉండీ మీ కళ్ళముందే ఆ ముసలాయన చెడు రక్తంతో పోతుంటే ఊరికే చూస్తున్నారే అని కూడా అనుకుంటోంది."

సాగమ్మ ఒక్కసారిగా ముడుచుకుపోయింది. "పేరయ్య తాతకా? చెడు రక్తమా?"

"నిన్న ఆసుపత్రి నర్సమ్మ రూతమ్మగారు వచ్చింది చూడు, చేతిలో చుట్టచుట్టిన కాగితం ఒకటి ఉంది. దాన్ని తాత ముందు విప్పింది. నేను తాటి బోదె వెనకనుంచి చూస్తూనే ఉన్నాను. మనిషి బొమ్మ. ఒళ్ళంతా గీతలు. సగం గీతలు ఎరుపు, సగం గీతలు నీలం. నీలం గీతల మీద వేలు పెట్టి 'ఇది చెడు రక్తం అంటారు తాతా' అంది. నా చెవులతో విన్నాను."

ఇందులో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. కుచ్చయ్య గొప్పతనమే అది. విన్న మాటల్లో తనకు పనికొచ్చిన ముక్క మాత్రం తుంచి పట్టుకొస్తాడు.

"రేపు తాత కాళ్ళు నీళ్ళలో పెట్టినప్పుడు పాదాల మీద చూడు. నీలం గీతలు ఉబ్బి కనిపిస్తాయి. అదంతా చెడు రక్తమే. ఆ ఆయాసం దానివల్లే. వారానికొకరు వెళ్ళి చుక్క తాగొస్తే అది ఎప్పటికి వదిలేను? అరవై మందీ ఒక్కసారే పట్టుకుని నీలం గీతలు ఖాళీ చేశారనుకో, మర్నాటికి తాత కుర్రాడిలా గంతులేస్తాడు. మీ అమ్మమ్మ ఒకాయన వాపు తీసింది. నువ్వు ప్రాణమే నిలబెట్టినదానివి అవుతావు."

"నీకెందుకు తమ్ముడూ తాత మీద ఇంత ప్రేమ? కర్రతో కొట్టాడు కదా నిన్ను."

కుచ్చయ్య కళ్ళు చెమ్మగిల్లాయి. అవసరమైనప్పుడు అతని కళ్ళు చెమ్మగిల్లుతాయి. "కొట్టింది చెయ్యి కాదక్కా, ఆ చెడు రక్తమే. అది పోతే ఆయనంత మంచివాడు లేడు" అని తుంటి రుద్దుకుంటూ వెళ్ళిపోయాడు.

సాగమ్మకు సంతోషం పట్టలేకపోయింది. అందర్నీ రేవు రాతి కిందికి పిలిచి పెద్ద ఉపన్యాసమే ఇచ్చింది. వంశం, అమ్మమ్మ, వైద్యుడి కుండ, తాత చల్లని మనసు, నీలం గీతలు, అన్నీ అందులో వచ్చాయి. "రేపు వంతు లేదు, అందరం వెళ్దాం" అనేసరికి కుర్ర జలగలు నీళ్ళలో పిల్లిమొగ్గలు వేశాయి. పాపం, ఎన్ని నెలలకు కడుపు నిండుతుందో వాటికి.

సాయంత్రం మైలయ్య నీళ్ళకొచ్చాడు. మైలయ్య అంటే దొడ్లో ఉన్న బూడిదరంగు ఎద్దు. పొద్దున్న రైసుమిల్లు దగ్గర ఊక బస్తాలు వేసుకుని ఇటుకల బట్టీకి వెళ్తాడు, సాయంత్రం బట్టీలోంచి తీసిన బూడిద వేసుకుని పొలాలకు తిరిగొస్తాడు. పదేళ్ళుగా అదే దారి, అదే నడక. ఎవరితోనైనా నాలుగు మాటలకు మించి మాట్లాడితే దవడలు నొప్పెడతాయన్నట్టు ఉంటాడు.

సాగమ్మ ఊరుకోలేక మొత్తం చెప్పేసింది.

మైలయ్య గుక్కెడు నీళ్ళు తాగి అడిగాడు. "చెల్లెమ్మా, నేను పొద్దున్న ఊక వేసుకుని వెళ్తానా?"

"వెళ్తావు."

"సాయంత్రం బూడిద వేసుకుని వస్తానా?"

"వస్తావు. ఇప్పుడొచ్చావుగా."

"అయితే పొద్దున్న వెళ్ళింది మంచి ఎద్దూ, సాయంత్రం వచ్చింది చెడ్డ ఎద్దూనా?"

"అవేం మాటలన్నా. ఎద్దు ఒక్కటేగా."

"రక్తమూ ఒక్కటే" అని మైలయ్య మళ్ళీ నీళ్ళలో మూతి పెట్టాడు.

సాగమ్మకు ఏదో గుచ్చుకున్నట్టయింది. "అన్నా, సరిగా చెప్పు. దవడలు నొప్పెడితే పెట్టనీ."

మైలయ్య నిట్టూర్చాడు. "ఆ కాగితం విప్పింది నా బండి నొగ మీద. నేను కాడి కిందే ఉన్నాను, మొదటినుంచి చివరిదాకా విన్నాను. ఊపిరితిత్తులు మన రైసుమిల్లు అనుకో. రక్తంలో ఎర్రకణాలని ఉంటాయట, లెక్కలేనన్ని. అవి బళ్ళు. పీల్చిన గాలిలోంచి ఆక్సిజన్ ఎక్కించుకుంటాయి. గుండె తోస్తుంది. మెదడుకీ, చేతులకీ, కాలి వేళ్ళ చివరిదాకా వెళ్ళి దింపుతాయి. అక్కడ తిన్న తిండి ఆ గాలితో కలిసి సన్నగా మండి ఒంటికి వేడీ సత్తువా ఇస్తుంది. మండాక మిగిలిన, నా బూడిదలాంటి గాలిని వేసుకుని రక్తం వెనక్కి వస్తుంది. దాన్ని ఊపిరిలో బయటికి వదిలేసి, మళ్ళీ కొత్తది ఎక్కించుకుంటుంది. నేను వెళ్ళి రావడానికి ఒక రోజు పడుతుంది. రక్తం నిమిషంలో చుట్టి వస్తుందట."

"అంత తొందరగానా? ముల్లుకర్ర ఎవరిది?"

"గుండెదే. అది ఆగితే కదా బండి ఆగడం."

"మరి నీలం గీతలో?"

"వెళ్ళే దారీ, వచ్చే దారీ కలగాపులగం కాకుండా బొమ్మలో రంగు వేశారు. చర్మం మీదనుంచి చూస్తే అలా నీలంగా అనిపిస్తుందట కూడా. వచ్చేటప్పుడు సరుకు దింపేసి ఉంటుంది కాబట్టి రక్తం కొంచెం ముదురు రంగులో ఉంటుంది. పాతకాలం వాళ్ళు దానికి చెడు రక్తం అని పేరు పెట్టారు, అందులో చెడు ఏమీ లేదని రూతమ్మగారే అంది. కుచ్చయ్య అక్కడిదాకా ఉండలేదు కాబోలు. అయినా చెల్లెమ్మా, నన్నెందుకు అడుగుతావు? పుట్టినప్పటినుంచి తాగుతున్నావు. ఒక్కసారైనా నీలం రక్తం చూశావా?"

సాగమ్మ గుర్తుచేసుకుంది. చూడలేదు. ఒక్కోసారి మందారంలా ఎర్రగా ఉంటుంది, ఒక్కోసారి ముదిరిన గోంగూర కాడలా కాస్త నలుపు తిరిగి ఉంటుంది. నీలం మాత్రం ఎన్నడూ లేదు. ఆ సంగతి తన నోటికి తెలుసు. పొగడ్త వినేసరికి తన నోరు చెప్పే మాట తనే వినలేదు.

"మరి తాతకు ఆయాసం ఎందుకన్నా?"

"బళ్ళు తక్కువయ్యాయి. మిల్లు నిండా ఊక ఉంది, మోసేవాళ్ళు లేరు. అందుకే నాలుగడుగులకే ఒళ్ళు గాలికి అలమటిస్తోంది. ఎర్రకణం ఆక్సిజన్‌ని పట్టుకోవాలంటే ఇనుము కావాలట. నా బండి చక్రానికి ఇనప పట్టా లేకపోతే నడుస్తుందా? అలాగే. రూతమ్మగారు ఇనుము మాత్రలిచ్చింది. మునగాకు, తాటిబెల్లం తినమంది. కొత్త బళ్ళు తయారయ్యేదాకా ఉన్నవి పోగొట్టుకోవద్దంది."

"రేపు మేం అరవై మందిమి..."

"ఉన్న బళ్ళు మీరే విరగ్గొట్టేస్తారు. తాత మంచాన పడతాడు. మళ్ళీ లేస్తాడో లేవడో. కోళ్ళ దగ్గర కర్ర ఉండదు." మైలయ్య ఆ మాట అని, జీవితంలో ఇంతసేపు మాట్లాడినందుకు తనమీద తనే విసుక్కుంటూ కొట్టంలోకి వెళ్ళిపోయాడు.

సాగమ్మకు సిగ్గూ భయమూ రెండూ ఒకేసారి వచ్చాయి. తాతని చంపడానికి తనే ఉపన్యాసం ఇచ్చింది. పరుగున వెళ్ళి తనవాళ్ళతో చెప్పింది. ఎవరు వింటారు? ఆశపడిన కడుపులు అరవై.

"బండి లాగే ఎద్దుకి వైద్యం ఏం తెలుసు?" అంది ఒక కుర్ర జలగ.

"ఇందాక చెడు రక్తమన్నావు, ఇప్పుడు కాదంటావు. రేపు ఇంకేమంటావో" అంది ఇంకొకటి.

"ఇంత గొడవెందుకు పెద్దమ్మా? నీలమో ఎరుపో నోట పడితే తెలుస్తుందిగా. రేపు తాగి చూద్దాం" అంది మూడోది.

సాగమ్మ ఆ మూడోదానివైపు తిరిగింది. "అవునే తల్లీ. తాగి చూద్దాం" అంది. మెల్లగా ఆవిడ మొహంలోకి కళ వచ్చింది. జలగకు మొహం ఎటో తెలిసినవాళ్ళకు కనిపించే ఉంటుంది.

మర్నాడు తాత ఇంకా రాకముందే కుచ్చయ్య రేవులో తయారు. తల దువ్వుకున్నట్టు నున్నగా ఉన్నాడు. దొడ్డివైపు చూసి రెండుసార్లు పెదాలు నాక్కున్నాడు.

"అంతా సిద్ధమేనా అక్కా?"

"సిద్ధమే తమ్ముడూ. ఒక్కటే చిక్కు. మావాళ్ళలో ఎవరూ నీలం రక్తం ఎలా ఉంటుందో ఎరగరు. పొరపాటున మంచి రక్తం తాగేశారనుకో, తాతకు ప్రమాదం. వైద్యం అన్నాక జాగ్రత్త ఉండాలి కదా. నువ్వు బొమ్మ చూసినవాడివి. నీలం గీత అంటే ఎలా ఉంటుందో మా పిల్లలకు ఒక్కసారి చూపించు."

"ఎక్కడని చూపించను? నా ఒంటినిండా బొచ్చే."

"నాలుక కింద బొచ్చుండదుగా. అక్కడేదో గీతలుంటాయని మా అమ్మమ్మ చెప్పేది."

కుచ్చయ్య ఒక్క క్షణం ఆగాడు. కానీ అటు చూస్తే పద్ధెనిమిది కోళ్ళు, ఇటు చూస్తే ఎండ నడినెత్తికి వస్తోంది, తాత వచ్చే వేళ. ఇప్పుడు సందేహిస్తే పని చెడుతుంది. నీళ్ళ అంచున ముందుకాళ్ళు పెట్టి, మూతి నీటికి ఆనించి, నాలుక పైకెత్తాడు. నీళ్ళలో అతనికీ కనిపించింది. నాలుక కింద రెండు నీలం గీతలు, తీగల్లా.

"చూశారా పిల్లలూ?" అంది సాగమ్మ. "నీలం గీతలంటే అవే. తమ్ముడూ, నిన్న నువ్వేం చెప్పావు? నీలంగా ఉన్నదంతా..."

"చెలు లత్తమే" అన్నాడు కుచ్చయ్య, నాలుక మడిచే ఉంచి.

"అయ్యో తమ్ముడూ, నీకు కూడానా. అందుకేనా తుంటి నొప్పి మానడం లేదు. ఊరివాళ్ళ సంగతి తర్వాత, ముందు మా ఇంటిమనిషివి నువ్వు. పిల్లలూ, మామయ్యకు వైద్యం చెయ్యండి."

అరవై మందీ ఒక్కసారే లేచారు. నాలుక కింద కొందరు, పెదాల మీద కొందరు, ముక్కుల్లో ఎవరు ఎంతమంది దూరారో లెక్క తేలలేదు. కుచ్చయ్య వెనక్కి దూకి తల విదిలించాడు, గడ్డిలో మూతి రుద్దాడు, కాళ్ళతో గీరుకున్నాడు. జలగ పట్టు సంగతి మీకు చెప్పాలా?

"వదలండర్రా, అది చెడు రక్తం కాదు" అని మూలిగాడు.

"నీలంగానే ఉంది కదా మామయ్యా" అంది ముక్కులోంచి ఒక కుర్ర జలగ.

"పైకి అలా కనిపిస్తుందంతే. లోపల ఎరుపే. మంచిదే. నా రక్తమే అది, నేను బతకాలి, వదలండి."

"అంటే తాత నీలం గీతల్లో ఉన్నది కూడా?" అంది సాగమ్మ, ఏమీ ఎరగనట్టు.

"అదీ మంచిదే. ఒట్టు. నేను కోళ్ళకోసం అన్నాను." 

 నోటినిండా ఎరుపు పెట్టుకున్న జలగలు ఒకదాన్నొకటి చూసుకున్నాయి. మూడో కుర్ర జలగ అందరికంటే ముందు రాలి నీళ్ళలో పడి, "పెద్దమ్మా, ఎరుపే. నీలం చుక్కైనా లేదు" అని తల దించుకుంది.

కడుపు నిండినవాళ్ళు నిండినట్టు రాలిపోయారు. కుచ్చయ్య పారిపోదామని లేచాడు. పది అడుగులు వేసి కూలబడ్డాడు. గుండె దడదడా కొట్టుకుంటోంది, నాలుక వేలాడుతోంది, ఎంత పీల్చినా గాలి చాలడం లేదు. గాలి లేక కాదు, దాన్ని ఒంటికి మోసే బళ్ళు చాలామటుకు జలగల కడుపుల్లో ఉన్నాయి. అదే సమయానికి దొడ్లోంచి చుక్కలపెట్ట ఒకటి తొమ్మిది పిల్లల్ని వెంటేసుకుని గింజలేరుకుంటూ వచ్చింది. అతని మూతికి జానెడు దూరంలో నేల గీరి, ఒక పురుగుని పైకి తీసి, పిల్లలకు పంచిపెట్టి, నింపాదిగా వెళ్ళిపోయింది. మూడు నెలలు కలలుగన్న కోడి. కుచ్చయ్య కన్ను తిప్పి చూడగలిగాడు, అంతే.

తాత కర్ర టక్కుటక్కుమనుకుంటూ వచ్చాడు. నక్కనీ, దాని మూతినిండా కారుతున్న నెత్తురునీ చూసి కర్ర ఎత్తాడు. మళ్ళీ దించేశాడు. "నాకంటే నువ్వే రొప్పుతున్నావురా. పో, నీడన పడుకో" అన్నాడు. కుచ్చయ్య పాక్కుంటూ గట్టు దిగి, ఆ తర్వాత ఆ దొడ్డి ఛాయలకు రాలేదు. పీతలతోనే సరిపెట్టుకుంటున్నాడని వినికిడి.

ఆ రోజునుంచి సాగమ్మ కొత్త కట్టుబాటు పెట్టింది. తాత రేవు మెట్లు ఎక్కడా ఆగకుండా దిగేదాకా ఆయన కాలు ఎవరూ ముట్టడానికి వీల్లేదు. అరవై మందీ ఒప్పుకున్నారు. ఎలాగూ కడుపులు నిండే ఉన్నాయి, మాట నిలబెట్టుకోవడం కూడా తేలికైంది.

పాపం పేరయ్య తాతకు మాత్రం ఏమీ అర్థం కాలేదు. మాత్ర మింగి, మునగాకు కూరతో అన్నం తిని, తాటిబెల్లం ముక్క బుగ్గన పెట్టుకుని రోజూ వచ్చి కాళ్ళు నీళ్ళలో పెట్టేవాడు. ఒక్క జలగా రాదు. "ఏమ్మా, నామీద అలిగారా? రక్తం రుచి తగ్గిందా?" అని నీళ్ళకేసి చూసేవాడు. రాతి కింద సాగమ్మకు ఆ మాట వింటే ప్రాణం ఉసూరుమనేది. అయినా కదిలేది కాదు. నీళ్ళలోంచి ఆయన పాదాలు చూసేది. ఒక నెలకు గోళ్ళ కింద కొద్దిగా రంగు తిరిగింది. రెండో నెలలో ఒక మెట్టు దగ్గరే ఆగాడు. మూడో నెలలో ఒకనాడు నాలుగు మెట్లూ ఒక్క ఊపున దిగి, రాతి మీద కూర్చుని, రొప్పడం మర్చిపోయి ఏదో పాట కూనిరాగం తీశాడు.

సాగమ్మ ఆ రాగం ఆసాంతం విని, వంతు ఎవరిదో అడిగింది. మూడో కుర్ర జలగది. "వెళ్ళు తల్లీ. ఎక్కువ తాగకు" అని పంపింది.

కాలు చురుక్కుమనగానే తాత వంగి చూశాడు. మొహం విప్పారింది. "వచ్చావా అమ్మా. తాగు తాగు" అన్నాడు.

ఆ సాయంత్రం గట్టు మీద మైలయ్య బూడిద బండితో తిరిగొస్తున్నాడు. పొద్దంతా నడిచిన కాళ్ళు, ఒంటినిండా బూడిద. సాగమ్మ నీళ్ళలోంచి జానెడు పైకి సాగి, "అన్నా, బాగున్నావా?" అని పలకరించింది. ఆ రోజు ఆవిడ వాళ్ళ అమ్మమ్మ సంగతి ఎత్తలేదు.

బరువు దించి తిరిగొచ్చేవాణ్ణి చెడ్డవాడనకండి, మళ్ళీ నింపుకుని మీకోసం బయల్దేరేది వాడే.